ఏడో నంబరు సీసా

మే 8, శనివారం

దొరికింది. ఐర్లండ్‌లో కొడుకు దగ్గరికి వచ్చిన పదిహేను నెలల్లో నాకు పనికొచ్చే కాగితం ఇవాళ ఒక్కటి కనిపించింది. ఈ ట్రాలీ ఊరి లైబ్రరీ మూసే ఉంది, కానీ అద్దానికి లోపలివైపు కొత్తగా అంటించారు. స్లీవ్ మిష్ కొండల మీద న్యూట్‌లను వెతికే నడక, గైడుతో, జూన్ ఐదో తారీకున, పదిహేను మందికి మించకుండా. సోమవారం నుంచి కోవిడ్ ఆంక్షలు సడలించి ఇలా ఆరుబయట గుంపుగా కలవనిస్తారట.

న్యూట్ అంటే సాలమాండర్ కుటుంబమే. కప్పకి చుట్టం, కానీ తోక ఉంటుంది. మన దేశంలో డార్జిలింగ్ వైపు కొండల్లో తప్ప దొరకదు. విజయనగరం జిల్లాలో ముప్ఫై ఒక్క ఏళ్ళు డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పాను. ప్రతి ఏడూ సాలమాండర్ పాఠం చెప్పాను. ప్రాణమున్న సాలమాండర్‌ని ఒక్కసారి చూడలేదు. అరవై మూడేళ్ళు వచ్చాయి, జూన్ పదిహేనుకి తిరుగు ఫ్లైట్ దొరికింది, దానికి పది రోజుల ముందు ఇది. నాకోసమే పెట్టినట్టు ఉంది.

వానలో నిలబడి మూడుసార్లు చదివాను. వానకి పదికి నాలుగు మార్కులు. కాగితానికి పదికి పది.

మే 9

సాలమాండర్: ముందు కాళ్ళకి నాలుగు వేళ్ళు, వెనక కాళ్ళకి ఐదు. పొలుసులు లేవు. గోళ్ళు లేవు. చర్మం ఎప్పుడూ తడి. ఏమీ మరిచిపోలేదు.

మే 12, బుధవారం

అభిలాష్ కంప్యూటర్ ముందు మీటింగులో ఉండగానే పక్కన నిలబడి బుక్ చేయించాను. నాకు, వాడికి, ఆశ్రితకి, మూడు టిక్కెట్లు. వాడు మైకు ఆపి, "అమ్మా, కొండ ఎక్కగలవా" అన్నాడు. మూడు నెలల కోసం వచ్చి పదిహేను నెలలు ఈ ఇంటి మెట్లు ఎక్కి దిగినదాన్ని, కొండ ఒక లెక్కా.

మనవరాలికి ఎనిమిదేళ్ళు. నేను తెలుగులో అడుగుతాను, ఇంగ్లీషులో, అందులోనూ ఈ కెర్రీ యాసలో, జవాబిస్తుంది. "విల్ దే బైట్, నానమ్మా?" కరవవమ్మా, వాటికి పళ్ళున్నా లేనట్టే అన్నాను. "గ్రాండ్," అంది. ఇక్కడ అన్నింటికీ అదే మాట. బాగుంటే గ్రాండ్, బాగోకపోయినా గ్రాండ్.

స్పందనకి చెప్పలేదు. కోడలు ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఏడాదిగా రోజూ వందల కొద్దీ కోవిడ్ శాంపిళ్ళు. ఆరింటికి అయిపోయే డ్యూటీకి తొమ్మిదింటికి వస్తుంది. మిగతావాళ్ళంతా వెళ్ళిపోతారట, ఈ పిల్ల మాత్రం ప్రతి రిపోర్టూ నాలుగుసార్లు చూస్తుంది. రెండుసార్లు చూడమని రూలు. ఇంట్లోనూ అంతే, తలుపు గడియ మూడుసార్లు, స్టవ్ నాబ్ నాలుగుసార్లు. స్వభావం. చిన్నప్పటి నుంచీ అంతే అయి ఉంటుంది.

మే 17, సోమవారం

పొద్దున స్పందన టీ తాగుతూ అడిగింది. "సాలమాండర్‌ని చూడ్డానికి వెళ్తున్నారట కదా అత్తయ్యా."

అవునమ్మా అన్నాను.

"మీకు తెలిసిందే కదా. రోజూ చూసేవారు." కప్పు కడిగి అలమరలో పెట్టి, తలుపు మూసి, మళ్ళీ తీసి చూసి, వెళ్ళిపోయింది.

రోజూ చూశాను, నిజమే. నా ల్యాబ్ బీరువాలో పై అరలో, ఫార్మలిన్ సీసాలో. ప్రాక్టికల్ పరీక్షలో ఎప్పుడూ ఏడో నంబరు దానిదే. బల్ల మీద పదిహేను సీసాలు వరసగా పెడతాం, రెండేసి నిమిషాలకి గంట కొడతాం, పిల్లలు ఒక్కో సీసా ముందు ఆగి అదేమిటో రాసి బొమ్మ వెయ్యాలి, సీసాకి మూడు మార్కులు. ఏడు అంటే సాలమాండర్ అని జూనియర్లకి సీనియర్లు ముందే చెప్పేసేవాళ్ళు.

ఆ సీసా సంగతి ఇక్కడ రాయాల్సిన పని లేదు.

మే 18

బూట్లు కొన్నాను. గోధుమరంగు, మడమ దగ్గర కొంచెం బిగువు. ఇంట్లోనే తొడుక్కుని తిరుగుతున్నాను. ఆశ్రిత నవ్వి నవ్వి సోఫా మీద పడింది.

మే 20

ఏసుదాసు పోయాడు.

మే 21, శుక్రవారం

కిశోర్ ఫోన్ చేసి చెప్పాడు. నా తర్వాత డిపార్ట్‌మెంటు వాడి చేతికొచ్చింది. ఆస్పత్రిలో బెడ్ దొరికేలోపే అయిపోయిందట. ఈ నెలలో మన వైపు నుంచి ఫోన్ మోగితే ఎవరో పోయారనే. వేరే పేర్లు కూడా చెప్పాడు, రాయను.

ఏసుదాసు మా ల్యాబ్ అటెండరు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ప్రాక్టికల్ పరీక్షకి ముందురోజు, బీరువా తుడుస్తూ సాలమాండర్ సీసా జార్చాడు. అది పగిలి, లోపలి ప్రాణి గాజుముక్కల్లో నలిగింది. తెల్లారితే బయట కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తాడు. జాబితాలో సాలమాండర్ ఉంది. కొత్తది తెప్పించాలంటే కలకత్తా నుంచి రావాలి. ప్రిన్సిపాల్ కోపిష్టి. ఏసుదాసు ఉద్యోగం అప్పటికి పర్మనెంట్ కాలేదు, నాదీ కాలేదు.

గంటసేపు ఎటో పోయి, రుమాలులో మూటకట్టుకుని తిరిగొచ్చాడు. "అమ్మగోరూ, ఇది కూడా నాలుక్కాళ్ళదేనండి. తోకుంది. రేపొచ్చే ఎగ్జామినర్ గోరు సీసా ఏటి సూస్తారండి, బోజనం సూస్తారు గానీ."

బల్లి. కాలేజీ గోడ మీది మామూలు బల్లి. దాన్ని ఫార్మలిన్‌లో వేశాం. నాలుగు రోజుల్లో తెల్లగా పాలిపోయి, నిజంగానే ఏదో విదేశీ ప్రాణిలా కనబడింది. లేబుల్ నా చేతులతో నేనే అంటించాను. ఈ ఒక్క ఏడాదికే అనుకున్నాం.

అది ఇరవై తొమ్మిదేళ్ళు సాగింది. ఎంతమంది ఎగ్జామినర్లు వచ్చారో, ఏసుదాసు అన్నట్టే అందరూ భోజనం చూశారు. పిల్లలు సీసా నంబరు చూశారు. ఎవరూ లోపలికి చూడలేదు.

ఒక్కతి చూసింది. 2007లో, ఫైనల్ ఇయర్ పిల్ల. ఏడో నంబరుకి ఎదురుగా "బల్లి. ముందు కాలికి ఐదు వేళ్ళు, ఒంటినిండా పొలుసులు" అని రాసింది. నేను సున్నా వేశాను. వెయ్యకుండా ఎలా, పక్కన ఎగ్జామినర్ కూర్చుని ఉన్నాడు. తర్వాత స్టాఫ్‌రూమ్‌కి వచ్చి, "మేడమ్, నేను వేళ్ళు లెక్కపెట్టాను" అంది. పుస్తకంలో ఏముందో చదువు, కళ్ళు ఒకసారి డాక్టరుకి చూపించుకో అన్నాను.

ఆ పిల్ల స్పందన. మూడేళ్ళ తర్వాత నేనే వాళ్ళింటికి వెళ్ళి అభిలాష్‌కి సంబంధం అడిగాను. క్లాసులో తెలివైన పిల్ల కనుక అడిగాను అని అందరికీ చెప్పాను.

ఇన్నాళ్ళూ ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరం. ఇప్పుడు నేను ఒక్కదాన్ని.

మే 22

ఏసుదాసు వాళ్ళ అమ్మాయికి ఫోన్ చేశాను. నడక రద్దు చేసుకుందామా అనిపించింది. ఆశ్రిత పుస్తకంలో సాలమాండర్ బొమ్మ వేసింది, నాలుగు వేళ్ళతో. నేను చెప్పిందే కదా. రద్దు చెయ్యను.

జూన్ 3, గురువారం

అభిలాష్‌కి శనివారం ఏదో సర్వర్ పని పడింది. "స్పందనకి ఆ రోజు సెలవే అమ్మా, తను తీసుకెళ్తుంది" అన్నాడు. సరే అన్నాను. సరే కాక ఏమంటాను.

స్పందన ఎదురుగానే ఉంది. "నేను వస్తే పర్వాలేదా అత్తయ్యా?" అంది. పులిహోర చేస్తాను, కొండ మీద తిందాం అన్నాను. నాకు సంతోషంగానే ఉంది. శనివారం పులిహోరకి ఇవాళే చింతపండు నానబెట్టాను, అది కొండ ఎక్కాలన్న ఆత్రం.

సాలమాండర్: ముందు నాలుగు, వెనక ఐదు.

జూన్ 5, శనివారం

ఇప్పుడు సాయంత్రం ఎనిమిది, ఇంకా ఎండ ఉంది. కాళ్ళు వేన్నీళ్ళ బకెట్‌లో పెట్టుకుని రాస్తున్నాను. అంతా వరసగా రాయాలి, ఒక్కటి కూడా పోకూడదు.

తెల్లారి ఐదింటికే లేచి పులిహోర కలిపాను. తొమ్మిదిన్నరకి కొండ కింద కార్లు ఆపే చోట పన్నెండు మందిమి చేరాం. ఏడాది తర్వాత అంతమంది తెలియని మనుషుల్ని ఒక్కచోట చూడటం. ఎవరికి ఎంత దూరంలో నిలబడాలో తెలియక అందరం పెళ్ళికి పిలవని చుట్టాల్లా నిలబడ్డాం. స్పందన వాళ్ళ ఆస్పత్రి నర్సు జోజి అనే కేరళ ఆవిడ ఇద్దరు కొడుకులతో వచ్చింది. మిగతా అందరూ ఇక్కడివాళ్ళే. గైడు పేరు బ్రీడా. నా ఈడే ఉంటుంది, మోకాళ్ళ దాకా బూట్లు, భుజాన వల, మొహం నిండా ఎండమచ్చలు. చూడగానే నచ్చింది. న్యూట్‌లను ముట్టుకోవాలంటే ప్రభుత్వం లైసెన్సు ఉండాలట, ఆవిడకి ఉంది.

మొదట చేసిన పని, అందరి దగ్గరా శానిటైజర్ సీసాలు తీసుకుని తన సంచిలో వేసుకుంది. ఆ ప్రాణుల చర్మం తడిగా ఉండి ఊపిరి పీలుస్తుంది, మన చేతుల మీది మందు చాలు వాటిని చంపడానికి అంది. స్పందన తన సీసా ఇచ్చేముందు చేతులు చూసుకుంది. రోజుకి నలభైసార్లు కడిగి కడిగి పగిలిన చేతులు. నేను ఇన్నాళ్ళూ సరిగ్గా చూడనే లేదు.

అందరూ పేర్లు చెప్పుకుంటుంటే ఆశ్రిత గట్టిగా అంది. "మై గ్రానీ ఈజ్ ఎ సాలమాండర్ ప్రొఫెసర్. ముప్ఫై ఇయర్స్." ముప్ఫై ఒకటి తెలుగులో రాదు దానికి. అందరూ చప్పట్లు కొట్టారు. బ్రీడా టోపీ తీసి వంగింది. నేను కాదనలేదు. నా మెడ కొంచెం నిలువుగా కూడా అయింది, అది కూడా రాస్తున్నాను.

దారి పొడవునా పసుపు పూల పొదలు, కిందికి చూస్తే సముద్రం. మోకాళ్ళకి పదికి ఆరు. గంట నడిచాక తడి నేల మీద పరిచిన చెక్కల బాట వచ్చింది. ఎండ పడుతోంది. నేనే అందరికంటే ముందు చూశాను. చెక్క అంచున, గోధుమరంగులో, పొడుగు తోక, నాలుగు కాళ్ళు పరిచి, తల కొంచెం ఎత్తి.

"సాలమాండర్," అన్నాను. చివరి బెంచీకి వినబడే గొంతుతో అన్నాను.

అందరూ ఆగారు. జోజి పిల్లలు మోకాళ్ళ మీద కూలబడ్డారు. ఎవరో ఫోటో తీశారు. బ్రీడా మాత్రం నా వైపు మర్యాదగా చూస్తోంది.

స్పందన నా వెనక నుంచి మెల్లగా అంది. "అత్తయ్యా, అది బల్లి."

ఇరవై తొమ్మిదేళ్ళు ఆ ఆకారాన్ని వేలితో చూపించి సాలమాండర్ అన్నాను. నా బుర్రకి తెలుసు, నోటికి తెలియదు. వేళ్ళు లెక్కపెట్టనే లేదు. పుస్తకమంతా నాకు నోటికొచ్చు, ఎదురుగా ఉన్నదాన్ని చూడటం రాదు. అబద్ధాన్ని అంత శ్రద్ధగా చెప్పుకుంటూ వస్తే చివరికి పాఠం నాకే వచ్చేసింది.

బ్రీడా పిల్లలకి చెప్పింది. ఐర్లండ్‌లో ఉన్నది ఒకే రకం బల్లి, ఒకే రకం న్యూట్, రెండింటినీ కలిపేసి ప్రతి వేసవిలో తనకి ఫోన్లు వస్తాయి, ప్రొఫెసర్లకైనా పొరపాటు మామూలే అని. ఆవిడ మంచిది. బల్లి చెక్కల కిందికి జారిపోయింది.

తినడానికి ఆగినప్పుడు ఆశ్రిత జోజి పిల్లలతో వెళ్ళింది. నేనూ స్పందనా ఒక రాయి మీద కూర్చున్నాం. పులిహోర డబ్బా మూత తీశాను. తినలేదు. చెప్పేశాను. సీసా పగలడం, రుమాలు మూట, లేబుల్, ఎగ్జామినర్, అంతా. ఏసుదాసు పోయాడని కూడా చెప్పాను.

"ఆ సీసాలో బల్లే ఉందమ్మా. నువ్వు రాసింది రైటు. నాకు ఆ రోజే తెలుసు."

"నేను విజయనగరం వెళ్ళాను అత్తయ్యా," అంది. "కళ్ళ డాక్టరు దగ్గరికి. మా నాన్న సైకిల్ మీద బస్‌స్టాండ్ దాకా దించారు. డాక్టర్ అక్షరాలన్నీ చదివించి, నీ కళ్ళకి ఏం లేదమ్మా అన్నాడు. అయితే నా బుర్రలోనే ఏదో తేడా ఉందనుకున్నాను."

నేను డబ్బా మూత చేతిలో తిప్పుతున్నాను.

"అప్పట్నుంచి నేను చూసింది నేను నమ్మను. మెషీన్ నెగటివ్ అన్నా, నాకూ నెగటివ్ అని కనబడినా, మళ్ళీ చూస్తాను. మళ్ళీ చూస్తాను. ఈ ఏడాదంతా రాత్రిళ్ళు కూడా చూస్తూనే ఉన్నాను, కళ్ళు మూసుకుని." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "పెళ్ళిచూపులకి మీరు వచ్చినప్పుడు కూడా అనుకున్నాను, సున్నా వేసిన అమ్మాయి ఇంటికి ఎందుకొచ్చారీవిడ అని. ఎందుకొచ్చారు?"

తెలివైన పిల్లవని, అనబోయాను. అది కాదు. "అన్నేళ్ళలో ఆ సీసా లోపలికి చూసింది నువ్వొక్కదానివే," అన్నాను. "అలాంటి పిల్ల నా ఇంట్లో ఉండాలనిపించింది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు, సంబంధం అడగడానికి వచ్చింది."

పులిహోర డబ్బాకి మూత పెట్టి, ఇంకోసారి నొక్కి చూసి, లేచి ముందు నడిచింది. వెనక్కి చూడలేదు. కొండ మీద ఆ పావుగంట నడక నా బతుకులో అన్నింటికంటే పొడుగు. ఇక పది రోజుల్లో వెళ్ళిపోతాను, ఈ పిల్ల ఇలా ముందు నడుస్తూ ఉండగానే వెళ్ళిపోతానేమో అని భయం వేసింది.

పైన, పూర్వం పొయ్యిల్లో కట్టెల బదులు కాల్చడానికి మట్టిబెడ్డలు తవ్విన చోట, నీటిగుంటలు ఉన్నాయి. నీళ్ళు టీ డికాక్షన్ రంగు. బ్రీడా వల ముంచి, ఎత్తి, తెల్లటి ట్రేలో బోర్లించింది. ఆకులు, బురద, ఏవో పురుగులు. మూడుసార్లు ఏమీ లేదు. నాలుగోసారి ట్రేలో ఏదో కదిలింది.

అదే. వేలంత ఉంది. వీపు మీద అలల్లాంటి అంచు, తోక పక్కల నుంచి నొక్కినట్టు పలచగా, ఒళ్ళంతా చుక్కలు. పక్కకి తిరిగితే పొట్ట నారింజ రంగులో మెరిసింది. పుస్తకంలో ఆ రంగు లేదు, ఫార్మలిన్‌లో ఏ రంగూ ఉండదు. అది ఈదుతోంది. సాలమాండర్ ఈదుతోంది. నా కళ్ళ నుంచి నీళ్ళు కారిపోయాయి, ఆశ్రిత నా చెయ్యి పట్టుకుని ఎగురుతోంది, "నానమ్మా, లుక్, లుక్ అట్ ఇట్ గో." చూస్తున్నానే తల్లీ. నాకు పిచ్చి సంతోషం వేసింది, ఏసుదాసు పక్కనుంటే బాగుండుననిపించింది.

బ్రీడా అరచేతులు గుంటలో తడుపుకుని దాన్ని ఎత్తింది. తను పక్కనుండగానే, ఒక్కరిని, ఒక్క నిమిషం పట్టుకోనిస్తానంది. "ప్రొఫెసర్?" అని నన్ను పిలిచింది.

నాకెంత ఆశగా ఉందో దేవుడికి తెలుసు. "నేను కాదు," అన్నాను ఇంగ్లీషులో, అందరికీ వినబడేలా. "ఈవిడకి ఇవ్వండి. నా స్టూడెంట్. నేను తప్పు చెప్పిన చోట ఈవిడ ఒప్పు చెప్పింది. ఇవాళే కాదు, పద్నాలుగేళ్ళ కిందట కూడా."

స్పందన నా వైపు చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ మణికట్ల దాకా నీళ్ళలో ముంచింది. పగుళ్ళు మండి ఉంటాయి, పళ్ళు బిగించింది. బ్రీడా దాన్ని ఆమె అరచేతిలో పెట్టింది. స్పందన తల వంచింది.

"నాలుగు," అంది తెలుగులో. "ముందు నాలుగు, వెనక ఐదు." దాన్ని నీళ్ళలోకి వదిలేసింది. అది కాసేపు ఆగి, తోక విదిల్చి, మట్టిరంగు నీళ్ళలో కలిసిపోయింది.

అప్పుడు నా వైపు తిరిగింది. "ఒక్కసారే చూశాను అత్తయ్యా."

దిగేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది. పులిహోర కార్లో తిన్నాం, డబ్బా అంతా అయిపోయింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

జూన్ 6

లేవలేకపోతున్నాను. కాళ్ళకి పదికి ఒకటి. కళ్ళకి పదికి పది.

జూన్ 8, మంగళవారం

కిశోర్‌కి ఫోన్ చేశాను. పై అరలో సీసా ఇంకా ఉందా అన్నాను. ఉంది మేడమ్, మొన్ననే ఫార్మలిన్ మార్చాను అన్నాడు. లేబుల్ చించెయ్, బల్లి అని రాయి అన్నాను. ఎందుకో చెప్పాను, ఏసుదాసు పేరు చెప్పలేదు, నా పేరే చెప్పాను. తర్వాత, "అయితే మనకి సాలమాండర్ లేదన్నమాట మేడమ్," అన్నాడు. లేదు, పరీక్షలో పెట్టకు అన్నాను. ఆ న్యూట్‌కి జోజి తీసిన ఫోటో పంపాను, అది గోడకి పెట్టు అన్నాను.

సాయంత్రం వంటింట్లో ఉండగా తలుపు చప్పుడైంది. స్పందన. గడియారం ఆరూ ముప్పావు. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడ్డాను.

"ఏమ్మా, తొందరగా వచ్చేశావు?"

"పని అయిపోయింది." బూట్లు విప్పుతూ అంది. "రూల్ రెండుసార్లు కదా. రెండుసార్లే చూశాను."

టీ పెట్టాను. చేతులకి రాసుకోమని కొబ్బరినూనె వేడి చేసి ఇచ్చాను, రాసుకుంది. ఇక ఉండబట్టలేక, "ఆ ఏడో నంబరుకి నీకు మూడుకి మూడు రావాలమ్మా," అన్నాను.

టీ కప్పు పక్కన పెట్టింది. "బొమ్మ వెయ్యలేదు అత్తయ్యా. గంట కొట్టేశారు. బొమ్మకి ఒక మార్కు కదా, రెండే వెయ్యండి."

రెండే వేశాను.